బ్రేకు కింద వణుకు

మొన్న సర్వీసుకిచ్చిన కారు ఇంటికి తెచ్చుకున్నాక డిక్కీ తెరిస్తే, పాత బ్రేకు డిస్కులు రెండు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టి ఉన్నాయి. మార్చిన సామాను మళ్ళీ మనకే ఇచ్చెయ్యడం వాళ్ళ పద్ధతట. అన్నం తినే పళ్ళెమంత ఇనుప చక్రాలు. అంచుల్లో తుప్పు, లోపల అద్దంలాంటి మెరుపు, ఆ మెరుపు మీద అక్కడక్కడ నీలి మచ్చలు. చూడటానికి చిన్నగా ఉన్నా సంచి ఎత్తితే చెయ్యి లాగేసింది. పాత సామాన్ల బండి వస్తే వేసెయ్యమన్నాడు మా ఆయన. వేసేస్తాను గానీ, ఆ సాయంత్రం మాత్రం వాటిని వరండా గట్టు మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వేలితో నిమిరితే ఒకచోట నున్నగా, ఇంకోచోట గీరుకుపోయినట్టు తగిలింది. అట్లా నిమురుతుంటే ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందరి రేకుల షెడ్డు, దాని కింద బాపు తెల్ల కారు, ఆ కారు చుట్టూ అమ్మ, బాపు, నేను ముగ్గురం బిక్కుబిక్కుమంటూ గడిపిన ఒక ఎండాకాలం గుర్తొచ్చాయి.

మాది తాళ్ళు గీసి, కల్లు దించి బతికిన ఇల్లు. తాత ఎక్కని తాటిచెట్టు మా చుట్టుపక్కల లేదనేవాళ్ళు. బాపు మాత్రం నడుముకు మోకు కట్టలేదు. పెళ్ళి కాకముందే లారీ ఎక్కాడు. విజయవాడ రోడ్డు మీద అతను తిప్పని సరుకు లేదు: సిమెంటు, మామిడిపళ్ళు, ఎండుమిర్చి. ఇంటికొచ్చినప్పుడు అతని చొక్కాని బట్టి ఈసారి ఏం లోడు పోసుకొచ్చాడో చెప్పేవాళ్ళం. మిర్చి లోడైతే ఇల్లంతా తుమ్ములే. నేను డిగ్రీలో చేరేనాటికి అతనికి ఆ తిరుగుడు మీద విసుగు పుట్టింది. సరిగ్గా అప్పుడే మా ఊరివైపు హైదరాబాదు పరుగెత్తుకు రావడం మొదలైంది. చేన్లలో తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్ళు లేచాయి. శేరిగూడ వైపు ఒకదాని పక్కన ఒకటి ఇంజనీరింగు కాలేజీలు లేచాయి. వాటిలో చెప్పడానికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి, ఎల్బీనగర్ నుంచి లెక్చరర్లు రోజూ వచ్చేవాళ్ళు. బస్సులు చాలేవి కావు. బాపు లారీ దిగి, ఎవరో వాడి అమ్మేసిన చిన్న కారు ఒకటి కొన్నాడు. పొద్దున నలుగురు లెక్చరర్లను ఎక్కించుకుని కాలేజీలో దింపడం, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేర్చడం, మధ్యలో ఎవరికైనా దవాఖాన పనో పెళ్ళి పనో పడితే పోవడం. రోజూ ఇంట్లో అన్నం తినే బాపును మేము అప్పుడే చూశాం.

ఆ కారును అతను చూసుకున్న తీరు చెప్పాలి. పొద్దున అమ్మ జొన్నరొట్టె కొడుతున్న చప్పుడుకి నాకు మెలకువ వచ్చేసరికి, బయట బాపు పాత చీరముక్కతో అద్దాలు తుడుస్తూ ఉండేవాడు. సాయంత్రం తిరిగి వచ్చాక ఇంట్లోకి రాకముందే బోరు మోటరు వేసి, పైపు పట్టుకుని, ముందుగా చక్రాలు కడిగేవాడు. మా దగ్గర ఎర్రమట్టి. రోడ్ల పనులు నడుస్తున్న రోజులు కదా, బండి ఒక్క తిరుగుడు తిరిగొస్తే చక్రాలు జేగురు పూసినట్టుండేవి. వేడి చక్రం మీద చల్లటి నీళ్ళు పడగానే చుయ్యిమని పొగలాంటి ఆవిరి లేచేది. కాలిన ఇనుము వాసన, తడిసిన మట్టి వాసన కలిసి వాకిలంతా నిండేది. నాకు ఆ వాసనంటే ఇష్టం. బాపు వచ్చాడనడానికి అదే గుర్తు. "ముందు దానికి తానం, తర్వాతనే నీకా?" అని అమ్మ లోపలి నుంచి అనేది. ఇంకో అలవాటు కూడా ఉండేది. చక్రం విప్పి బిగించినప్పుడల్లా పానా మీద కాలు పెట్టి, ఒళ్ళు బరువంతా వేసి, నట్లు కిర్రుమనేదాకా తొక్కేవాడు. లారీ చక్రం ఊడితే ఏమవుతుందో కళ్ళారా చూసినవాడు. అతని జాగ్రత్త అట్లా ఉండేది.

నాకు బండి నేర్పింది కూడా ఆయనే. ఇళ్ళు లేని వెంచర్లు మాకు మంచి మైదానాలు. రోడ్లు వేసి, దీపపు స్తంభాలు పాతి, కమాను కట్టి వదిలేశారు. మనుషులు లేరు, మేకలు మాత్రం తిరిగేవి. ఆదివారం ఆదివారం అక్కడికి తీసుకుపోయి నా చేతికి స్టీరింగ్ ఇచ్చేవాడు. తిట్టేవాడు కాదు. క్లచ్చు తప్పు వదిలితే "జర మెల్లగ" అనేవాడు, అంతే. ఆడపిల్లకు డ్రైవింగ్ ఎందుకని బంధువుల్లో ఎవరో అంటే, మా నాయిన నాకు చెట్టెక్కుడు నేర్పిండు, నేను నా బిడ్డకు నాకొచ్చింది నేర్పుతున్న అన్నాడట. అమ్మ చెబితే విన్నాను.

తాత సంగతి ఇక్కడే చెప్పాలి. నాకు తెలిసినప్పటి నుంచి తాత వణుకుతూనే ఉన్నాడు. మొదట కుడి చెయ్యి మొదలైందట. చెట్టు మీద గెల చెక్కుతుంటే కత్తి నిలవలేదు. చెక్కాల్సిన చోట కాకుండా పక్కన దిగింది. ఆ రోజు దిగిన తాత మళ్ళీ చెట్టెక్కలేదు. తర్వాత రెండో చెయ్యి, తర్వాత తల. చాయ్ గ్లాసు ఇస్తే సగం చొక్కా మీదే పడేది. వణుకుడు బీమారి అనేవాళ్ళు ఊళ్ళో. మందులేవో వాడారు గానీ పెద్దగా గుణం కనపడలేదు. చివరి ఏళ్ళలో అమ్మ అన్నం మెత్తగా పిసికి తినిపించేది. బాపు లారీ దిగి ఇంటికొచ్చినప్పుడు ఆ పని తను చేసేవాడు. తాత నోరు తుడుస్తూ బాపు మొహం ఎటో తిప్పుకునేవాడు. పిల్లనైనా నాకది కనిపించేది.

ఆ ఎండాకాలం మొదట్లో బాపు మారాడు. ఎట్లా మారాడంటే ఒక్కసారిగా చెప్పలేను. ముందు చాయ్ దగ్గర తెలిసింది. పొద్దున ముగ్గురం వాకిట్లో కూర్చుని తాగడం మా అలవాటు. ఆయన గ్లాసు తీసుకుని ఇంటి వెనక్కి పోవడం మొదలుపెట్టాడు. అడిగితే అక్కడ గాలి వస్తున్నదన్నాడు. తర్వాత అన్నం మా కంటే ముందో, మా తర్వాతో తినేవాడు. ఒకసారి చూస్తే, షెడ్డు కింద కారు బానెట్ మీద అరచెయ్యి పెట్టుకుని దాని వంకే చూస్తూ నిలబడి ఉన్నాడు. నేను వచ్చిన చప్పుడు విని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. రేడియో పెట్టడం మానేశాడు. లెక్చరర్లలో ఒక మేడమ్ నన్ను బజార్లో చూసి, మీ నాన్న బండి మరీ మెల్లగా నడుపుతున్నాడు, క్లాసుకి ఆలస్యమవుతోంది అని చెప్పింది. బాపును అడిగితే రోడ్డు బాగాలేదన్నాడు. ఆ తర్వాత ఒక సోమవారం ఆయన బండి తియ్యనేలేదు. లెక్చరర్లకు ఫోన్ చేసి వేరే బండి చూసుకొమ్మని చెప్పాడు.

షెడ్డు కింద కారు, మంచం మీద బాపు. ఇల్లు ఎట్లా నడుస్తుందని ఆయన అనలేదు, అమ్మ అడగలేదు. మళ్ళీ లారీకి పోతాడేమోనని నేను భయపడ్డాను. అదీ కాదు. వీధిలోవాళ్ళు తలో మాట అన్నారు. కాలేజీవాళ్ళతో కొట్లాడిండని ఒకరు, ప్లాట్ల దందాలో దిగుతున్నాడని ఒకరు. ఆ రోజుల్లో మా దగ్గర ఎవరు పని మానేసినా ప్లాట్ల దందా అనే అనేవాళ్ళు. అమ్మ మాత్రం చేటలో బియ్యం ఏరుతూ, ఏరిందే మళ్ళీ ఏరుతూ కూర్చునేది.

కొన్నాళ్ళకు బాపు కారు అమ్మేస్తున్నానన్నాడు. పెద్ద అంబర్‌పేట్‌లో ఒకాయన కొడుకు కోసం చిన్న బండి వెతుకుతున్నాడట, చూపించడానికి తీసుకుపోవాలి. నాకు కాలేజీ సెలవులు. "నువ్వు నడుపు బిడ్డా, నాకు కండ్లు మండుతున్నయ్" అన్నాడు. కళ్ళు మండటం అబద్ధమని నాకు తెలుసు. అయినా తాళం తీసుకున్నాను. అమ్మ గడప దగ్గర నిలబడింది. బయలుదేరే ముందు బాపు కారు చుట్టూ ఒకసారి తిరిగి, అద్దం మీద ఉన్న చిన్న మరకను చొక్కా అంచుతో తుడిచి, పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో ఆయనను చూడటం నాకు అదోలా అనిపించింది.

అప్పటిదాకా నేను వెంచర్ల రోడ్ల మీద తప్ప పెద్దగా నడిపింది లేదు. అక్కడ వేగం ఎక్కడిది? ఇబ్రహీంపట్నం దాటి కోహెడ దారి పట్టాక మొదటిసారి బండిని కొంచెం పరుగెత్తించాను. కోహెడ గుట్టల దగ్గర రోడ్డు దిగుడుగా ఉంటుంది. ఎదురుగా మట్టి టిప్పర్ ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చేసరికి బ్రేకు తొక్కాను. కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుంది. ఎవరో కింద నుంచి నా పాదాన్ని తడుతున్నట్టు. స్టీరింగ్ రెండు చేతుల్లో గజగజా ఊగింది. ఎట్లాగో పక్కకు తీసి ఆపాను. నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను. బండి పాడుచేశానని, అమ్మే రోజు పాడుచేశానని భయం. బాపు నా వైపు కాకుండా నా చేతుల వైపు చూస్తున్నాడు.

"ఏమైంది?" అన్నాడు.

"తొక్కితె వణుకుతున్నది బాపు. కాలు కింద, చేతులల్ల."

టిప్పర్ దుమ్ము మా మీదుగా పోయి అణిగేదాకా అట్లాగే కూర్చున్నాడు. తర్వాత మళ్ళీ బండి తీసి, వేగం అందుకుని, మళ్ళీ తొక్కమన్నాడు. తొక్కాను. మళ్ళీ అదే. బ్రేకు వదిలితే బండి నూనెలో జారినట్టు పోతోంది, తొక్కితే వణుకుతోంది. ఇంకోసారి తొక్కమన్నాడు. ఇంకోసారి. దిగుడంతా అట్లాగే వెళ్ళాం. చివరికి ఆపమని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకు గూడ తెలుస్తున్నదా? నిజంగనా?"

"అవ్ బాపు. నువ్ నడిపినప్పుడు కాలేదా?"

ఆయన తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. కంటి కొసల నుంచి నీళ్ళు జారి చెవుల దాకా పోయాయి. నేను బాపు ఏడవడం తాత పోయినప్పుడు కూడా చూడలేదు.

"మీ తాత బీమారి నాకొచ్చిందనుకున్న బిడ్డా" అన్నాడు.

తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. శేరిగూడ మలుపు దగ్గర బ్రేకు తొక్కినప్పుడు మొదటిసారి తెలిసిందట. కాలు వణికింది, చేతులు వణికాయి. వెనక కూర్చున్న లెక్చరర్లు ఏమీ అనలేదు, వాళ్ళ మానాన వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. వాళ్ళకు తెలియలేదంటే అది బండిది కాదు, నాదే అనుకున్నాడు. ఇన్నేళ్ళు లారీ తోలినవాడు. లారీకి డ్రమ్ము బ్రేకులు, గాలి బ్రేకులు. తొక్కితే బుస్సుమంటాయి గానీ ఇట్లా పాదం కింద కొట్టుకోవడం అతను ఎన్నడూ ఎరగడు. ఇంటికొచ్చి చెయ్యి చూసుకుంటే వణుకుతున్నట్టే ఉంది. మర్నాడు ఇంకా ఎక్కువ వణికినట్టుంది. భయపడుతూ చూసుకుంటూ కూర్చుంటే ఏ చెయ్యి నిలకడగా ఉంటుంది? చాయ్ గ్లాసు పట్టుకుంటే మా ముందు ఒలుకుతుందని వెనక్కి పోయాడు. నలుగురు మనుషులను ఎక్కించుకుని, వణికే కాలితో బండి నడపడం పాపమనిపించి ఆపేశాడు. తాత కత్తి జారిన రోజున చెట్టు దిగినట్టే, తనూ దిగిపోయాడు. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన రెండు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. చెప్పడం అయ్యాక వాటిని పైకెత్తి తిప్పి చూసుకున్నాడు. ఇంకా పూర్తిగా నమ్మకం లేదు. బండి వణికితే వణకనీ, దాంతో పాటు తనూ వణుకుతున్నాడేమో అని ఒక అనుమానం.

కొనేవాళ్ళ దగ్గరికి కాకుండా జంగయ్య షెడ్డుకు పోనిమ్మన్నాడు. జంగయ్య లారీ రోజుల నాటి దోస్తు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే లారీ మీద మార్చి మార్చి తోలేవాళ్ళు. పెళ్ళయ్యాక అతను పెద్ద అంబర్‌పేట్ దగ్గర హైవే పక్కన కార్ల షెడ్డు పెట్టుకున్నాడు. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, చీమ నడిచినట్టు నడిపి అక్కడ చేర్చాను. జంగయ్య విని, ముందు టైర్ల బ్యాలెన్సు తప్పి ఉంటుందన్నాడు. బాపు ఒప్పుకోలేదు. టైరుదైతే తొక్కకున్నా ఊగాలె గద, తొక్కితెనే ఊగుతున్నది అన్నాడు. జంగయ్య ఒక్క క్షణం ఆలోచించి, అయితే డిస్కు చూద్దాం అని జాకీ తెచ్చాడు.

చక్రం ఊడదీస్తే లోపల ఆ ఇనుప పళ్ళెం కనిపించింది. కారు ముందు చక్రాల బ్రేకంటే ఏమిటో నాకు తెలిసింది ఆ రోజే. చక్రంతో పాటే తిరిగే ఆ పళ్ళేన్ని రెండు వైపుల నుంచి రెండు ప్యాడ్లు చిమటా రొట్టెను పట్టినట్టు పట్టుకుంటాయి. పళ్ళెం సమంగా ఉన్నన్నాళ్ళూ పట్టు సమంగా ఉంటుంది. ఏ కొంచెం వంకర తిరిగినా, ఒకచోట మందంగా ఒకచోట పలచగా అయినా, తిరిగినప్పుడల్లా ప్యాడ్లను ముందుకీ వెనక్కీ నెడుతుంది. ఆ నెట్టుడే పెడల్ దాకా, పాదం దాకా వస్తుంది. కంటికి మాత్రం అది గుండ్రంగా, శుభ్రంగానే కనిపించింది. అక్కడక్కడ నీలి మచ్చలున్నాయి, అంతే. జంగయ్య నట్లు రెండు మళ్ళీ పెట్టి డిస్కును బిగించాడు. తర్వాత ఒక స్క్రూడ్రైవర్ బాపు చేతికిచ్చాడు. దాని కొసను డిస్కుకు తగిలీ తగలనట్టు పెట్టి పట్టుకోమన్నాడు.

"నేను తిప్పుత. నువ్ చెయ్యి కదిలియ్యకు అన్నా" అన్నాడు.

అతనికి ఏమీ తెలియదు. మామూలుగా అన్న మాట. బాపు నా వైపు ఒకసారి చూశాడు. గొంతుక్కూర్చుని, కుడి చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని, కొసను డిస్కు దగ్గరికి తెచ్చాడు. జంగయ్య మెల్లగా తిప్పాడు. ఒకవైపు వచ్చేసరికి ఇనుము ఇనుముకు రాసుకుని సర్రుమని చప్పుడు. ఇంకొంచెం తిరిగేసరికి చప్పుడు లేదు, మధ్యలో సన్నటి వెలుతురు. మళ్ళీ చప్పుడు, మళ్ళీ వెలుతురు. వాళ్ళిద్దరూ డిస్కును చూస్తున్నారు. నేను బాపు చేతిని చూస్తున్నాను. నల్లగా, నరాలు తేలి, గోళ్ళలో గ్రీజు మరకలతో ఉన్న ఆ చెయ్యి గోడకు కొట్టిన మేకులా ఉంది. డిస్కే దాని దగ్గరికి వచ్చి పోతోంది. ఎంతసేపు తిప్పినా చెయ్యి కదల్లేదు. బాపు కూడా అప్పటికి డిస్కును వదిలి తన చేతినే చూసుకుంటున్నాడు. జంగయ్య తిప్పడం ఆపి ఇగ చాలన్నా కూడా ఆయన స్క్రూడ్రైవర్ దించలేదు. "ఇంకోపారి తిప్పు" అన్నాడు. జంగయ్యకు అర్థం కాకపోయినా తిప్పాడు.

అప్పుడు బాపు నవ్వాడు. చాన్నాళ్ళకు విన్న నవ్వు. జంగయ్యను గట్టిగా పట్టుకుని, నవ్వుతూనే అతని వీపు మీద చరిచాడు. జంగయ్యకు సంగతి అప్పుడు చెప్పాడు. తాతను అతనూ ఎరిగినవాడే. విని చాయ్ తెప్పించాడు. బాపు గ్లాసు పట్టుకుని హైవే వైపు తిరిగి, మా ఇద్దరి మధ్య కూర్చుని తాగాడు.

డిస్కు అట్లా ఎందుకైందనే దాని మీద ఇద్దరికీ పెద్ద చర్చ జరిగింది. తిరిగొచ్చిన వెంటనే చక్రాలకు నీళ్ళు కొడతానని బాపు చెప్పగానే జంగయ్య నుదురు కొట్టుకున్నాడు. ఎర్రగా కాగిన రొట్టెల పెంక మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో దీనికీ అంతే, బండి చల్లారినంక కడగాలె అన్నాడు. పానా మీద ఎక్కి నట్లు బిగిస్తాననేసరికి ఇంకా నవ్వాడు. గిది లారీ కాదు, ఒక నట్టు ఎక్కువ ఒక నట్టు తక్కువ బిగిస్తే డిస్కు ఒక పక్కకు గుంజుకుపోతది, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా సమంగా బిగించాలె అని చేసి చూపించాడు. అంత ముద్దుగా చూసుకోవడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. కొలిచి చూస్తే డిస్కులో ఇంకా మందం మిగిలే ఉంది. ఇంతకంటే పలచబడితే వాడొద్దని డిస్కు మీదే అంకె అచ్చు వేసి ఉంటుందట. అది దాటలేదు కాబట్టి లేతు మీద చెక్కిస్తే సరిపోతుందన్నాడు. ఒకటి బాగున్నా రెండూ చెక్కించాలి, లేకుంటే బండి ఒక పక్కకు లాగుతుంది. పక్క సందులో లేతు మిషను మీద డిస్కు తిరుగుతుంటే ఇనుము సన్నటి వెంట్రుకల్లా రాలింది. నీలి మచ్చలు పోయి తెల్లగా తేలింది. కొత్త ప్యాడ్లు వేశాడు. కొన్నాళ్ళు గట్టిగా తొక్కొద్దు, ప్యాడ్లు డిస్కు ఒకదానికొకటి అలవాటు పడాలె, దూరం నుంచే మెల్లమెల్లగ తొక్కుకుంట రా అని చెప్పి పంపాడు. కొంటానన్న ఆయనకు బాపు ఫోన్ చేసి, బండి ఇయ్య, ఏమనుకోకు అన్నాడు.

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ ముందు ఆయనే కూర్చున్నాడు. కోహెడ దిగుడు ఇప్పుడు ఎక్కుడైంది. ఎక్కి, అవతల దిగుతుంటే బ్రేకు మీద కాలు పెట్టాడు. ఏమీ లేదు. బండి తలొంచినట్టు మెత్తగా నెమ్మదించింది. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. నాకు మాత్రం ఒళ్ళంతా తడిబట్టతో తుడిచినంత చల్లగా ఉంది.

అమ్మ వాకిట్లోనే ఉంది. కారు తిరిగొచ్చింది, అదీ బాపు నడుపుకుంటూ వచ్చాడు. అమ్మ లేచి నిలబడింది. బాపు దిగి, అలవాటు కొద్దీ పైపు వైపు పోబోయి ఆగి, మంచం మీద కూర్చున్నాడు. మొత్తం చెప్పాడు. అమ్మ ఆశ్చర్యపోతుందని నేను చూస్తున్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, నాకు తెల్వదా, అన్నం కలుపుకుంట ఎడమ చేత్తోని కుడి మణికట్టు ఒత్తి పట్టుకునుడు చూస్తలేనా అంది. తాతకు తినిపించిన చేతులు కదా ఆమెవి. ఎట్లా మొదలవుతుందో ఇంట్లో అందరికంటే ఆమెకే ఎక్కువ తెలుసు. తనూ అదే అనుకుంది. ఆయన నోరు విప్పందే తను విప్పితే మనిషి కూలిపోతాడని ఊరుకుంది. ఊరుకుని, చేతులు ముడుచుకుని మాత్రం కూర్చోలేదు. శేరిగూడలో ఒక కాలేజీ హాస్టల్లో వంటకు మనిషి కావాలంటే, పోయి మాట్లాడి వచ్చిందట. వచ్చే నెల నుంచి రమ్మన్నారట.

"ఇగ పోయే అవసరం లేదు గద" అన్నాడు బాపు.

"మాట ఇచ్చిన. పోత" అంది అమ్మ.

అమ్మ ఇంకొక పట్టు కూడా పట్టింది. బండి సంగతి బండిది, మనిషిని దవాఖానలో చూపించాల్సిందే అంది. బాపుకు ఇష్టం లేదు గానీ వెళ్ళాడు. డాక్టరు ఆయన చేతులు ముందుకు చాపించి, వేళ్ళ మీద కాగితం పరిచి చూశాడు. కాగితం అల్లాడలేదు. నడిపించాడు, కూర్చోబెట్టి లేపాడు, పేరు రాయించాడు. ఏమీ లేదు, పోయి పని చూసుకొమ్మన్నాడు. బయటికొచ్చాక బాపు దవాఖాన మెట్ల మీద కూర్చుని, ఇంత బతుకు బతికి నా చెయ్యికే నేను భయపడ్డ అన్నాడు. అమ్మ పక్కన కూర్చుని బత్తాయి ఒలిచి సగం అతనికి పెట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికి ఏ నొప్పి తోచినా ముందు బయటికి చెప్పాలనే కట్టుబాటు ఒకటి ఏర్పడింది. ఎవరూ పెట్టలేదు, దానంతటదే వచ్చింది. ఇప్పటికీ నా పిల్లలు ఒంట్లో బాగాలేదని దాచబోతే నాకు కోపం వచ్చేది అందుకే.

ఇప్పుడు డిస్కులు ఎవరూ చెక్కించరు. సర్వీసు సెంటరులో గాజు గోడ వెనక కూర్చోబెడతారు, కాఫీ ఇస్తారు, కొత్తవి వేసి తాళం చేతికిస్తారు. పని బాగానే చేస్తారు, నాకేమీ ఫిర్యాదు లేదు. కాకపోతే నా కారు లోపల ఏమైందో నేను చూడలేదు. చూసి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. నేను బండి నేర్చుకున్న వెంచరులో ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి, మేకలు తిరిగినచోట పార్కింగు కోసం కొట్లాటలు. కోహెడ దారి వెడల్పయింది. తాళ్ళు అక్కడక్కడ రెండు మూడు మిగిలాయి. ఆ రోజులంత బాగుండేవని చెప్పలేను. వణుకుడు బీమారికి ఇప్పుడున్న మందులు తాతకు దొరికి ఉంటే ఆయన చాయ్ ఆయనే తాగేవాడేమో. బాపు ఇప్పుడు బండి నడపడు. కంటిచూపు తగ్గిందని, ఈసారి నిజంగానే తగ్గిందని, తనే తాళం నాకిచ్చేశాడు. మనవరాలికి సూదిలో దారం మాత్రం ఎక్కించలేడు గానీ, నిండా పోసిన గ్లాసు పట్టుకుని వాకిలి దాటి రాగలడు. చుక్క ఒలకదు.

కానీ ఆ ఎండాకాలాన్ని తలుచుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది అమ్మ హాస్టలుకు పోయిన మొదటి పొద్దు. బాపు మళ్ళీ లెక్చరర్లను తిప్పుతున్నాడు. ఆ రోజు వాళ్ళకంటే ముందు అమ్మను దింపి రావాలని తెల్లారగానే బండి తీశాడు. నన్నూ రమ్మన్నారు. అమ్మ అలవాటుగా వెనక తలుపు తీయబోయింది. ముందు సీటు ఎప్పుడూ కిరాయి ఇచ్చేవాళ్ళదే, ఆమె అందులో కూర్చున్నది లేదు. బాపు చెయ్యి చాపి ముందు తలుపు తెరిచాడు. ఆమె ముడుచుకుని కూర్చుంది, కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, దారి పొడవునా అద్దంలోంచి రోడ్డునే చూసింది. రోడ్డు ఇంత దగ్గరి నుంచి కనపడుతదా నీకు అని ఒకసారి అడిగింది. కాలేజీ గేటు దగ్గర బాపు ఎంత మెల్లగా ఆపాడంటే, ఆగిందని ఆమెకు తెలియలేదు. దిగి, కొంగు నడుముకు దోపుకుని, వాచ్‌మెన్‌ను ఏదో అడిగి, లోపలి దారిలో నడిచింది. మా వెనక పిల్లల బస్సు వచ్చి ఆగి హారన్ కొట్టడం మొదలుపెట్టింది. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. అమ్మ వంటింటి వైపు తిరిగి కనపడకుండా పోయేదాకా బాపు బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు.